వాన, గంట, మూడు స్వరాలు: బ్లాక్ సబాత్ తొలి ఆల్బమ్ మీద పాఠకుల ప్రశ్నలు

గత సంచికలో బ్రిటిష్ రాక్ సంగీతం గురించి రాస్తూ, బర్మింగ్‌హామ్‌కు చెందిన బ్లాక్ సబాత్ బృందం 1970లో తన పేరుతోనే విడుదల చేసిన తొలి ఆల్బమ్‌ను రెండు వాక్యాల్లో తేల్చేసినందుకు పలువురు పాఠకులు నన్ను నిలదీశారు. వచ్చిన ఉత్తరాలన్నీ ఆ ఒక్క రికార్డు చుట్టూనే తిరుగుతున్నందువల్ల ఈ నెల శీర్షికను పూర్తిగా దానికే కేటాయిస్తున్నాను. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా ఇచ్చాను.

ప్రశ్న: ఈ ఆల్బమ్‌ను ‘మొట్టమొదటి హెవీ మెటల్ (బరువైన, హోరెత్తే రాక్) ఆల్బమ్’ అని మీరు రాశారు. అంతకు ముందే లెడ్ జెపెలిన్, బ్లూ చీర్ వంటి బృందాలు చెవులు చిల్లులు పడేలా వాయించాయి కదా! ఏ కొలతతో దీనికి మొదటి స్థానం ఇచ్చారు?

జవాబు: మీ అభ్యంతరం సబబైనదే. అమెరికాకు చెందిన బ్లూ చీర్ తొలి రికార్డు 1968లో వచ్చింది. లెడ్ జెపెలిన్ తొలి ఆల్బమ్ 1969 జనవరిలో వచ్చింది. ‘హెవీ మెటల్’ అన్న మాట కూడా 1968లోనే స్టెపెన్‌వుల్ఫ్ బృందం పాడిన ఒక పాటలో, మోటారు సైకిలు మోతను వర్ణిస్తూ వినిపించింది. కాబట్టి హోరును బట్టి కొలిచినా, పేరును బట్టి కొలిచినా బ్లాక్ సబాత్‌కు మొదటి స్థానం దక్కదు.

నేను చూసిన కొలత వేరు. అప్పటిదాకా వచ్చిన గట్టి రాక్ సంగీతమంతా బ్లూస్ ఊపు మీదే నడిచింది. ఎంత పెద్దగా వాయించినా లోపల ఒక నాట్యగతి ఉండేది, పాటలోని గోడు ప్రేమికుల గోడే అయ్యేది. ఈ ఆల్బమ్‌లోని మొదటి పాటలో ఆ ఊపు లేదు. మూడే మూడు స్వరాలు, వాటి మధ్య కావాలని వదిలిన ఖాళీ, ఒక దెబ్బకూ మరో దెబ్బకూ నడుమ వినేవాడు ఊపిరి బిగబట్టవలసినంత వ్యవధి, తన ముందు నిలబడ్డ నల్లని ఆకారం ఏమిటో తెలియక బెదిరిపోతున్న మనిషి గొంతు, ఇవే అందులో ఉన్న సరంజామా. తర్వాతి యాభై ఏళ్ళలో డూమ్ మెటల్ అన్న పేరుతో పుట్టిన నెమ్మదైన, బరువైన శాఖ అంతా ఆ ఆరు నిమిషాల పాటను తిరగరాసుకుంటూ వచ్చిందంటే అతిశయోక్తి కాదు.

అయితే ఆల్బమ్ మొత్తాన్ని ఆ గాటన కట్టలేమన్న మాట కూడా ఒప్పుకోవాలి. 1968లో మొదలైనప్పుడు వీరిది బ్లూస్ బృందమే. కొంతకాలం ‘ఎర్త్’ అన్న పేరుతో తిరిగి, అదే పేరుతో మరో బృందం ఉండడంతో 1969లో పేరు మార్చుకున్నారు. రికార్డులోని ఏడు పాటల్లో రెండు వారి సొంతం కూడా కావు: ‘ఈవిల్ వుమన్’ అమెరికాకు చెందిన క్రో బృందానిది, ‘వార్నింగ్’ డ్రమ్మర్ ఐన్‌స్లీ డన్‌బార్ బృందం పాడినది. రెండో పాట ‘ది విజర్డ్’లో బృంద గాయకుడు ఓజీ ఓస్బోర్న్ హార్మోనికా వాయిస్తారు, అది బ్లూస్ వాద్యమే. పాత ఇంటి గోడలను పూర్తిగా కూల్చకుండానే కొత్త ఇల్లు లేస్తున్న దృశ్యం ఇందులో కనిపిస్తుంది. నాకు ఈ రికార్డు మీద మమకారం అందువల్లనే. ఆ తర్వాత అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన ‘పారనాయిడ్’లో ఇల్లు పూర్తయిపోయింది, పరంజా మనకు కనబడదు.

ప్రశ్న: ఆల్బమ్ మొత్తాన్ని ఒక్క రోజులో రికార్డు చేశారని చదివాను. ఇది అభిమానులు అల్లిన కథా, నిజమా? నిజమైతే అంత తొందర ఎందుకు?

జవాబు: నిజమే. 1969 అక్టోబరు 16న లండన్‌లోని రీజెంట్ సౌండ్ స్టూడియోలో సుమారు 12 గంటల్లో పని ముగిసింది. ఖర్చు దాదాపు 600 పౌండ్లు అని చెబుతారు. తొందర ఎందుకంటే, అంతకు మించి కొనే స్తోమత వారికి లేదు. పేరు లేని కుర్రాళ్ళకు స్టూడియో గంటలు దొరకడమే అప్పట్లో గొప్ప. బృందంలో గిటారు వాయించిన టోనీ అయోమి తర్వాత గుర్తుచేసుకున్న ప్రకారం వారికి ఇచ్చినది రెండు రోజులు, అందులో ఒకటి ధ్వనుల మేళవింపుకే సరిపోయింది.

ఎలా చేశారన్నది ఇంకా ఆసక్తికరం. నలుగురూ ఒకేసారి వాయించారు. ఓజీని మాత్రం విడిగా చిన్న గదిలో నిలబెట్టి, మిగతా ముగ్గురు వాయిస్తున్నప్పుడే పాడించారు. చాలా పాటలకు రెండోసారి ప్రయత్నించనే లేదు. నిర్మాత రాడ్జర్ బెయిన్, ఇంజనీరు టామ్ ఆలమ్ వీరిని అదిలించి దిద్దే పని పెట్టుకోకుండా, క్లబ్బులో ఎలా వాయిస్తారో అలాగే టేపు మీదికి దించారు. నిజానికి ఈ పద్ధతి పనికొచ్చిందంటే దానికి కారణం అంతకు ముందు ఏడాది పొడవునా చేసిన కచేరీలే. జర్మనీలోని హాంబర్గ్ క్లబ్బుల్లో రోజుకు ఎన్నో విడతలుగా వాయించవలసి వచ్చేది. ఉన్న పాటలు చాలక ఒక్కో పాటను సాగదీసి, మధ్యలో గిటారు ఆలాపనలు పెంచుతూ పోయారు. ‘వార్నింగ్’ పది నిమిషాలకు పైగా నడవడానికి కారణం అదే. రికార్డులో విన్నది కత్తిరించిన రూపమే. అయోమి వాయించిన ఆలాపన ఇంకా పొడవైనది.

తర్వాత చేర్చినవి వేళ్ళ మీద లెక్కించదగినవి. ‘ఎన్.ఐ.బి.’, ‘స్లీపింగ్ విలేజ్’ పాటల్లో గిటారు సోలో మీద మరో గిటారు పొర, ‘స్లీపింగ్ విలేజ్’ మొదట్లో పంటి కింద పెట్టి మీటే మోర్సింగు వంటి వాద్యం, మొదటి పాటకు ముందు వాన, ఉరుము, దూరపు చర్చి గంట. వాన శబ్దం గురించి ఒక సొంత మాట చెబుతాను. నేను ఈ ఆల్బమ్‌ను మొదట విన్నది స్నేహితుడు ఎక్కించి ఇచ్చిన కేసెట్టులో. ఆ వాన చప్పుడు విని టేపు పాడైపోయిందనుకొని కొంచెం ముందుకు తిప్పేశాను; అందువల్ల మొదటి దెబ్బ ఏ హెచ్చరికా లేకుండా నా మీద పడింది. అసలు క్రమంలో వినేసరికి ఆరు నెలలు పట్టింది. రెంటిలో ఏది మేలంటే, వానతో కలిపి వినడమే మేలు: అర నిమిషానికి పైగా ఏమీ జరగకపోవడమే ఆ దెబ్బకు బలం.

ప్రశ్న: గిటారు వాయించిన టోనీ అయోమికి వేళ్ళు తెగిపోయాయట. అందుకే తీగలను వదులు చేసి శ్రుతి తగ్గించారనీ, హెవీ మెటల్ ధ్వని అలా పుట్టిందనీ అంటారు. వేళ్ళు తెగిన మనిషి గిటారు ఎలా వాయించగలిగారు? దయచేసి వివరంగా చెప్పండి.

జవాబు: ఈ కథలో మొదటి సగం నిజం, రెండో సగంలో కాలక్రమం తారుమారైంది. ముందు జరిగినది చెబుతాను.

అయోమి పదిహేడేళ్ళ వయసులో బర్మింగ్‌హామ్‌లోని ఒక రేకుల కర్మాగారంలో పనిచేసేవారు. ఒక బృందంతో కలిసి జర్మనీ వెళ్ళే అవకాశం రావడంతో పని మానేస్తున్నారు. ప్రమాదం జరిగినది ఆఖరి రోజునే. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చి ఇక వెళ్ళనంటే, మొదలుపెట్టిన పని పూర్తిచేసి రమ్మని తల్లి పంపించారట. ఆయనకు ముందు వరుసలో రేకు వంచే మనిషి ఆ రోజు రాలేదు. అలవాటు లేని ఆ ప్రెస్ దగ్గర అయోమిని నిలబెట్టారు. యంత్రం కుడిచేతి మీద పడింది. అదిరిపడి చేయి వెనక్కి లాక్కునేసరికి నడిమి వేలు, ఉంగరపు వేలు కొనలు అందులోనే ఉండిపోయాయి. ఆయన ఎడమచేతి వాటం మనిషి కావడం ఇక్కడ అసలు చిక్కు. ఎడమచేతి వాటం వారు గిటారును తిప్పి పట్టుకుంటారు కనుక, మెట్ల మీద తీగలను నొక్కవలసినది కుడిచేయే. తీగలు మీటే పిక్ పట్టుకునే చేయి దెబ్బతిని ఉంటే కథ వేరుగా ఉండేది.

వైద్యులు గిటారు సంగతి మరచిపొమ్మన్నారు. అప్పుడు కర్మాగారపు మేనేజరు ఇంటికి వచ్చి, ఒక రికార్డు ఇచ్చి వినమన్నారు. వినే మనసు లేదన్నా బలవంతంగా వినిపించి, ఆ వాయిస్తున్న మనిషి రెండు వేళ్ళతోనే వాయిస్తున్నాడని చెప్పారు. ఆ మనిషి జాంగో రైన్‌హార్ట్. 1928లో బండికి నిప్పంటుకుని ఎడమచేతి రెండు వేళ్ళు బిగుసుకుపోయినా యూరప్ జాజ్ గిటారుకు పెద్ద దిక్కైన వాద్యకారుడు. ఈ ఘట్టాన్ని ఎవరైనా కల్పించి రాసి ఉంటే నాటకీయత మితిమీరిందని కొట్టేసేవాణ్ణి.

ఇక తొడుగుల సంగతి. గిన్నెలు తోమే ద్రవం వచ్చే ప్లాస్టిక్ సీసాను కరిగించి ముద్దగా చేసి, కాల్చిన సోల్డరింగ్ ఐరన్‌తో అందులో వేలు పట్టేంత గుంట తొలిచి, గంటల తరబడి గరుకు కాగితంతో రుద్ది, వేలికొన ఆకారానికి తెచ్చారు. ప్లాస్టిక్ ఉక్కు తీగ మీద జారిపోతుంది. అందువల్ల పాత తోలు కోటులోంచి చిన్న ముక్కలు కత్తిరించి దాని మీద అంటించారు. తొడుగు వేసుకున్న వేలికి తీగ స్పర్శ తెలియదు. ఎంత గట్టిగా నొక్కుతున్నదీ చెవితోనే తెలుసుకోవాలి. మామూలు తీగలు ఆ వేళ్ళకు మరీ బిరుసుగా ఉండేవి. సన్నని గిటారు తీగలు అప్పట్లో దొరకక బాంజో తీగలను తెచ్చి బిగించుకున్నారు. ఎక్కువ వేళ్ళు కావలసిన కార్డ్‌లను (ఒకేసారి మోగే స్వరాల కూర్పులను) వదిలేసి, షడ్జ పంచమాలు మాత్రమే మోగే రెండు మూడు తీగల కూర్పును ఎక్కువగా వాడారు. దీన్నే గిటారు వాద్యకారులు పవర్ కార్డ్ అంటారు. గాంధారం లేకపోవడం వల్ల అది సంతోషమో విషాదమో తేల్చి చెప్పదు. ఆంప్లిఫయరును బాగా పెంచినప్పుడు కూడా ధ్వని చెదిరిపోకుండా ఒకే దిమ్మెలా నిలుస్తుంది.

రెండో సగం దగ్గరికి వద్దాం. తీగలను వదులు చేసి శ్రుతిని మూడు అర స్వరాల మేర దించడం 1971లో వచ్చిన మూడో ఆల్బమ్ ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’లో వినిపిస్తుంది. తొలి ఆల్బమ్ మామూలు గిటారు శ్రుతిలోనే ఉంది. కాబట్టి ఇందులోని బరువుకు కారణం దించిన శ్రుతి కాదు. అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలంటే గిటారును వదిలి బాస్ గిటారును వినండి. గీజర్ బట్లర్ అంతకు ముందు మామూలు గిటారు వాయించేవారు. ఈ బృందంలోకి వచ్చాకే బాస్ పట్టుకున్నారు. గిటారు వాయించే రిఫ్‌నే (మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న స్వరాల వరుసనే) ఆయనా వాయిస్తారు, పైగా తీగను పక్కకు లాగి గమకం ఇస్తారు. అయోమి గిటారులో గాంధారాలు పోగా మిగిలిన ఖాళీని బాస్ నింపింది. వీరిద్దరి కింద బిల్ వార్డ్ డ్రమ్స్ మరో కథ: జాజ్ డ్రమ్మర్లను వింటూ పెరిగిన ఆయన తాళాన్ని గోడ గడియారంలా కొట్టరు, పాటకు జవాబు చెబుతున్నట్టు కొడతారు. తొలి ఆల్బమ్‌లో బరువు ఉన్నా మొద్దుతనం లేకపోవడం ఆయన పుణ్యమే.

ప్రశ్న: నేను వీణ నేర్చుకుంటున్నాను. మొదటి పాటలో వాడినది ‘దయ్యపు స్వరాంతరం’ అనీ, మధ్యయుగంలో చర్చి దాన్ని నిషేధించిందనీ విన్నాను. మన స్వరాల్లో అది ఏది? అందులో భయపడేందుకు ఏముంది?

జవాబు: మన లెక్కలో అది షడ్జానికీ ప్రతి మధ్యమానికీ ఉన్న దూరం. షడ్జం నుంచి ఆరు అర స్వరాలు ఎక్కితే ప్రతి మధ్యమం, అక్కడి నుంచి మరో ఆరు ఎక్కితే తార షడ్జం. అంటే స్థాయిని సరిగ్గా నడిమికి కోసే చోటు. పాశ్చాత్యులు మూడు పూర్తి స్వరాల దూరం కనుక దాన్ని ట్రైటోన్ అంటారు. నిషేధం కథకు ఆధారం లేదు. గాయక బృందాలకు సామరస్యం నేర్పేటప్పుడు ఆ దూరాన్ని తప్పించుకోమని పాఠాల్లో చెప్పిన మాట వాస్తవం. ‘సంగీతంలో దయ్యం’ అన్న అర్థం వచ్చే లాటిన్ పేరు మాత్రం 18వ శతాబ్దపు సంగీత గ్రంథాల్లో కనిపిస్తుంది. శిక్షలు వేశారన్నది తర్వాతివారి ఊహ.

పాటలోని రిఫ్ ఇది: మంద్రంలో షడ్జం, వెంటనే దానికి పై షడ్జం, అక్కడి నుంచి దిగి ప్రతి మధ్యమం. ఆ మూడో స్వరాన్ని కంపింపజేస్తూ అలాగే నిలబెట్టి, పంచమం మీద విశ్రాంతి ఇవ్వకుండా మళ్ళీ మొదటికి వస్తారు. మీరు కల్యాణి రాగం వాయిస్తారు కనుక మీకు తేడా సులువుగా పట్టుబడుతుంది. కల్యాణిలో ఇదే ప్రతి మధ్యమం ఎంత కాంతిగా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. అక్కడ అది పంచమం వైపు చూస్తూ ఉంటుంది, చుట్టూ గాంధార ధైవతాలు తోడుంటాయి. ఇక్కడ ఆ తోడు తీసేశారు. దారి చెప్పే స్వరాలు లేక అది గాలిలో వేలాడుతుంది. భయం స్వరంలో లేదు, దాన్ని ఒంటరిగా వదిలేయడంలో ఉంది.

దీని పుట్టుక గురించి బృందం చెప్పే సంగతి కూడా మీకు నచ్చుతుంది. ఆంగ్ల స్వరకర్త గుస్తావ్ హోల్స్ట్ గ్రహాల మీద కూర్చిన వాద్య రచనలో ‘మార్స్’ అన్న భాగాన్ని బట్లర్ ఇష్టపడి, బాస్ మీద వాయించి చూసుకునేవారు. ఆ భాగం షడ్జం, పంచమం, ప్రతి మధ్యమం అన్న వరుసతో లేస్తుంది. ఆ వెనువెంటనే అయోమి ఈ రిఫ్‌తో వచ్చారు. పంచమాన్ని తీసి దాని స్థానంలో పై షడ్జాన్ని పెట్టారన్నమాట. చిన్న మార్పే, కాని యుద్ధపు నడక పోయి శవయాత్ర నడక వచ్చింది. పాట చివర ఒక్కసారిగా వేగం పెరిగి గుర్రపు దౌడులా మారినప్పుడు, అంతసేపూ ఎంత నెమ్మదిగా నడిచామో అప్పుడు తెలుస్తుంది.

ప్రశ్న: అట్ట మీద ఉన్న నల్ల దుస్తుల స్త్రీ ఫొటో తీసినప్పుడు అక్కడ లేదనీ, ఫిల్మ్ కడిగాక కనిపించిందనీ మా మిత్రుడు బల్ల గుద్ది చెబుతున్నాడు. నమ్మమంటారా?

జవాబు: నమ్మవద్దు. ఆమె డబ్బు తీసుకుని నిలబడిన మోడల్. ఆమె ఎవరన్నది దాదాపు యాభై ఏళ్ళు బయటికి తెలియకపోవడం వల్ల ఇటువంటి కథలు పుట్టాయి. 2020లో ఆమె స్వయంగా పత్రికతో మాట్లాడడంతో ఆ రహస్యం తీరిపోయింది.

ఫొటో తీసినది కీత్ మెక్‌మిలన్. ‘కీఫ్’ అన్న పేరుతో ఆ రోజుల్లో ఎన్నో అట్టలు చేశారు. వెనక కనిపించే కట్టడం ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో థేమ్స్ ఒడ్డున ఉన్న మేపుల్‌డర్‌హామ్ నీటి మిల్లు. తెల్లవారుజామున చలిలో పొగ వదిలి తీశారు. ఆ ఆకులకు, ఆకాశానికి వచ్చిన గులాబి, గోధుమ రంగుల వింత కాంతికి కారణం ఇన్‌ఫ్రారెడ్ ఫిల్మ్. పచ్చని ఆకులు మన కంటికి కనబడని ఆ కిరణాలను బాగా వెనక్కి పంపిస్తాయి కనుక, ఆ ఫిల్మ్ మీద పచ్చదనం ఎర్రని ఛాయలోకి మారిపోతుంది. అట్ట తెరిస్తే లోపల తలకిందులుగా ఉన్న శిలువ, అందులో ఒక కవిత ఉంటాయి. వాటిని పెట్టినది రికార్డు కంపెనీ మనుషులు; బృందాన్ని అడగలేదు. ఆ ఒక్క బొమ్మ తర్వాత వారికి తెచ్చిపెట్టిన తలనొప్పులు అన్నీ ఇన్నీ కావు.

ప్రశ్న: అయితే వారు సైతానును పూజించేవారు కాదా? ‘ఎన్.ఐ.బి.’ అన్న పాట పేరుకు చీకటి అర్థం ఉందంటారే?

జవాబు: కాదు. బృందం పేరు 1963 నాటి ఒక భయానక చిత్రం పేరు. మారియో బావా దర్శకత్వంలో బోరిస్ కార్లాఫ్ నటించిన ఆ సినిమాను చూసేందుకు జనం వరుసలు కట్టడం గమనించి, భయపడడానికి మనుషులు డబ్బు ఇస్తారన్న సంగతి వారికి తట్టిందని చెబుతారు. క్షుద్రవిద్యల పుస్తకాల మీద ఆసక్తి ఉన్నది బట్లర్‌కే. ఆయన తన గదికి నల్ల రంగు వేసుకుని, ఓజీ ఇచ్చిన అటువంటి పుస్తకం ఒకటి చదివి పడుకున్న రాత్రి, మంచం కాళ్ళ దగ్గర నల్లని ఆకారం నిలబడినట్టు అనిపించి లేచారు. పుస్తకం చూస్తే పెట్టిన చోట లేదట. ఆ అనుభవమే మొదటి పాటకు మూలం. జాగ్రత్తగా వింటే ఆ పాటలో సైతానును పిలవడం లేదు, దేవుణ్ణి కాపాడమని అరవడం ఉంది. శిలువలు మెడలో వేసుకునేవారు కూడా. వాటిని లోహంతో చేసి ఇచ్చినది ఓజీ తండ్రి.

‘ఎన్.ఐ.బి.’ పేరు వెనక చీకటి కాదు, గడ్డం ఉంది. బిల్ వార్డ్ గడ్డం మొన తేలి పెన్ను పాళీలా ఉందని ఆయనను ‘నిబ్’ అని ఆటపట్టించేవారు. అక్షరాల మధ్య చుక్కలు పెట్టేసరికి దానికి లేని గాంభీర్యం వచ్చింది, అభిమానులు తమకు తోచిన విస్తరణలు ఇచ్చుకున్నారు. పాటలో లూసిఫర్, అంటే సైతాను, ఉన్న మాట నిజమే. అయితే అతడు ప్రేమలో పడి మారిపోతానంటూ అమ్మాయిని బతిమాలుతుంటాడు.

ప్రశ్న: నా దగ్గరున్న అమెరికా ముద్రణలో ‘ఈవిల్ వుమన్’ లేదు, పైగా ఎక్కడా వినని పాటల పేర్లు ఉన్నాయి. నకిలీ కొన్నానా?

జవాబు: నకిలీ కాదు. బ్రిటన్‌లో ఈ రికార్డును వెర్టిగో సంస్థ 1970 ఫిబ్రవరి 13న, శుక్రవారం నాడు విడుదల చేసింది. ఆ తేదీని అపశకునంగా చూసే సమాజంలో ఇది యాదృచ్ఛికం కాదన్నది ఊహించుకోవచ్చు. అమెరికాలో వార్నర్ బ్రదర్స్ అదే ఏడాది జూన్‌లో తెచ్చినప్పుడు ‘ఈవిల్ వుమన్’ తీసేసి ‘వికెడ్ వరల్డ్’ పెట్టింది. మీరు చూసిన ‘వాస్ప్’, ‘బేసికలీ’, ‘ఎ బిట్ ఆఫ్ ఫింగర్’ కొత్త పాటలు కావు. ఉన్న పాటలకు ముందు వచ్చే చిన్న వాద్య భాగాలకు పెట్టిన పేర్లు. మీకు దక్కిన లాభం ఒకటుంది. స్టూడియోలో ‘వికెడ్ వరల్డ్’ వాయించాక అయోమి స్ట్రాటోకాస్టర్ గిటారు పికప్ (తీగల కంపనాన్ని పట్టే భాగం) పాడైపోయింది. మిగతా పాటలకు ఆయన అదనంగా తెచ్చుకున్న గిబ్సన్ ఎస్‌జీని అందుకున్నారు, ఇక జీవితమంతా ఆ రకం గిటారుతోనే ఆయనను గుర్తుపట్టారు. మీ రికార్డులో ఆ పాటను పక్క పాటలతో పోల్చి వింటే గిటారు పలచగా, పదునుగా మోగడం తెలుస్తుంది.

ప్రశ్న: విడుదలైనప్పుడు విమర్శకులు దీన్ని గుర్తించారా?

జవాబు: లేదు. అమెరికాలో ‘రోలింగ్ స్టోన్’ పత్రికలో లెస్టర్ బ్యాంగ్స్, దీన్ని బ్రిటిష్ బ్లూస్ రాక్ బృందం క్రీమ్‌కు నాసిరకం నకలుగా తీసిపారేశారు. మరో ప్రసిద్ధ విమర్శకుడు రాబర్ట్ క్రిస్ట్‌గౌ కూడా పెదవి విరిచారు. జనం మాత్రం కొన్నారు: బ్రిటన్ ఆల్బమ్ పట్టికలో 8వ స్థానం, అమెరికాలో 23వ స్థానం. అమెరికా పట్టికలో ఏడాదికి పైగా నిలిచింది.

విమర్శకులను పూర్తిగా తప్పు పట్టలేను. ‘వార్నింగ్’లోని పొడుగాటి ఆలాపన విన్నప్పుడు క్రీమ్ గుర్తుకు రాకుండా ఉండడం కష్టం, అందులో అక్కడక్కడ దారి తప్పిన మాట కూడా నిజం. వారు పొరబడినది మొదటి పాట దగ్గర. అది పాత కొలతకు లొంగలేదు, లొంగకపోవడాన్ని చేతగానితనమనుకున్నారు.

ప్రశ్న: ఆ నలుగురూ కలిసి ఈ పాటలను మళ్ళీ వాయించారా? వారిలో ఎవరెవరు ఉన్నారు?

జవాబు: మధ్యలో ఎన్నోసార్లు విడిపోయి కలిశారు, ఆ చిట్టా ఇక్కడ విప్పను. చివరిసారి కలిసి వాయించినది 2025 జూలై 5న, బర్మింగ్‌హామ్‌లో వారు పుట్టి పెరిగిన ఆస్టన్ పేటలోనే, విల్లా పార్క్ ఫుట్‌బాల్ మైదానంలో. పార్కిన్సన్స్ వ్యాధి వల్ల నిలబడలేని ఓజీ పెద్ద సింహాసనం వంటి కుర్చీలో కూర్చుని పాడారు. అదే నెల 22న 76 ఏళ్ళ వయసులో మరణించారు. మిగిలిన ముగ్గురూ ఆ కచేరీలో ఆయన పక్కన ఉన్నారు. ఆ రోజు నలుగురూ కలిసి వాయించినవి నాలుగే పాటలు. మూడు ‘పారనాయిడ్’ లోనివి. తొలి ఆల్బమ్ నుంచి తీసుకున్నది ఒక్కటే, బట్లర్ బాస్ ఒంటరిగా మొదలుపెట్టే ‘ఎన్.ఐ.బి.’.